తడి ఎరిగిన చేతులు

ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఏడోనెల రాగానే మా అమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించేది. అందులో నగలూ పట్టుచీరలూ కాదు, పాతబట్టలు ఉండేవి. నాన్న కట్టి కట్టి వదిలేసిన పంచెలు, నాయనమ్మ మంగళగిరి నేత చీరలు, ఉతికి ఉతికి రంగు పోయి, చేత్తో పట్టుకుంటే నీళ్ళలా జారేంత మెత్తబడినవి. అమ్మ వాటిని మూరెడు మూరెడు చింపేది. కత్తెర పెట్టేది కాదు. అంచులు మడిచి కుట్టనిచ్చేదీ కాదు. "మడత ఒరుసుకుంటుందే, పసిగుడ్డు తొడ ఎంతుంటుందని!" అనేది. నేనప్పటికే మిషను తొక్కడం నేర్చుకుంటున్నాను. ప్రతి అంచూ మడిచి కుట్టాలని నేర్పిన పంతులమ్మ మాట ఒకవైపు, కుట్టొద్దన్న అమ్మ మాట మరోవైపు. పసిబిడ్డ బట్ట దగ్గర అమ్మ మాటే రైటని నాకు తర్వాత తెలిసింది.

పొత్తిళ్ళలో బిడ్డ అంటాం. పొత్తి అంటే పాతగుడ్డ. బిడ్డ కడుపులో ఉండగా కొత్తబట్టలు కొని ఉంచకూడదని మా వైపు పెద్దలు గట్టిగా పట్టుబట్టేవాళ్ళు. దానికి వాళ్ళు చెప్పే కారణం వేరు. కానీ కొత్త బట్టలో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది, తడి సరిగ్గా పీల్చదు. పాతబట్ట గుక్కెడు నీళ్ళు తాగినట్టు పీల్చేస్తుంది. ఇది తెలిసే ఆ కట్టుబాటు పెట్టారో, పెట్టాక తెలిసిందో గానీ, నలభై ఏళ్ళు తెనాలిలో కుట్టుపని చేసిన నేను ఆ పాతబట్టను మించిన గుడ్డను చూడలేదు.

అయితే ఈ వ్యాసం పాతబట్టల మీద కాదు, తడి మీద. పసిబిడ్డను పొడిగా ఉంచడానికి ఎవరు ఏం చేశారు, ఎవరి చేతులు నానాయి అన్నదాని మీద.

మా పల్లెలో బాలింతకు నులక మంచం వేసేవాళ్ళు. దాని మీద బొంత, బొంత మీద పొత్తిగుడ్డ. బిడ్డ ఒంటేలు పోస్తే పొత్తిగుడ్డ కొంత, బొంత కొంత పీల్చుకోగా, మిగిలింది నులక సందుల్లోంచి కిందికి జారేది. అందుకే మంచం కింద పొడి ఇసుక పోసి ఉంచేవాళ్ళు. చీర ఉయ్యాలదీ అదే సుగుణం. తడిస్తే గాలికి ఆరుతుంది, ఆరకపోతే విప్పి ఇంకో చీర కడతారు. బిడ్డకు కొంచెం మెడ నిలబడగానే అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, వాటి మీద బిడ్డను కూర్చోబెట్టి "స్‌స్‌" అనేది. ఏ వేళకు కూర్చోబెట్టాలో ఆమెకు ఎలా తెలిసేదో! పాలు తాగిన కాసేపటికని, నిద్రలేవగానేనని పైకి చెప్పేది గానీ, నిజానికి బిడ్డ ముఖం చూసి కనిపెట్టేది.

రాత్రిపూట మాత్రం ఆ కనిపెట్టడం కుదరదు. తెల్లారేసరికి కుండెడు బట్టలు. వానాకాలమైతే ఆరవు. కుంపట్లో నిప్పులు వేసి, మీద గంప బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచేది అమ్మ. కాస్త సాంబ్రాణి కూడా వేసేది. పొద్దుగూకాక పిల్లల బట్టలు బయట ఉంచితే దోషమని, ఆరినా ఆరకపోయినా లోపలికి తెచ్చేసేవాళ్ళు.

ఆ బట్టలు ఉతికిందెవరన్నది చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. పురుడు వెళ్ళే పదకొండో రోజు దాకా అవి మైలబట్టలు. ఇంట్లోవాళ్ళు ముట్టరు. చాకలామె వచ్చి, వెదురుబద్దతో ఎత్తి, మూటకట్టుకుని చెరువుకు తీసుకెళ్ళేది. మా ఇంట్లో మా అక్కల పురుళ్ళన్నిటికీ ఒకే ఆమె. ఏ బిడ్డకు అరుగుదల లేదో, ఏ బిడ్డ ఎక్కువ పోస్తుందో, ఏ గుడ్డ ఒరుసుకుని మరకైందో మా అమ్మకంటే ముందు ఆమెకు తెలిసేది. "ఈ గుడ్డ తీసెయ్యండమ్మా, గట్టిపడింది" అని గుమ్మం బయటినుంచే చెప్పేది. తడి గురించి అంత ఎరిగిన మనిషికి మా గుమ్మం దాటే వీలు లేదు, కుట్టుమిషనూ లేదు. మిషనున్న నేను ఆ బట్టలు ముట్టుకునేదాన్ని కాదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా గానీ, అప్పుడు నాకు తోచలేదు.

1983లో నా మొదటి కాన్పు. తెనాలిలో అద్దె ఇల్లు, ఒకే గది, నులక మంచం బదులు పరుపు. చాకలామె లేదు, అమ్మ మూడోనెల దాకా ఉండి వెళ్ళిపోయింది. వానాకాలం. మూడు రోజులు ఎండ పొడ లేదు. పరుపు తడిసి వాసన పట్టింది. మందుల షాపులో దొరికే రబ్బరు షీటు వేస్తే పరుపు బాగానే ఉంది గానీ, పిల్ల ఆ తడిలోనే పడుకునేది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ప్లాస్టిక్ గుడ్డ తెచ్చి, నడుముకూ తొడలకూ లాస్టిక్ పెట్టి, లంగోటీ మీద తొడిగే చిన్న చెడ్డీ కుట్టాను.

ప్లాస్టిక్‌ను మిషన్ మీద కుట్టినవాళ్ళకు తెలుసు ఆ తిప్పలు. పాదానికి అతుక్కుపోతుంది, ముందుకు సాగదు. కాగితం ముక్క కింద పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపాలి. తప్పు కుట్టు పడితే విప్పి మళ్ళీ కుట్టడం ఉండదు. గుడ్డలో సూది చేసిన కన్నం మూసుకుంటుంది, ప్లాస్టిక్‌లో మూసుకోదు. ఆ కన్నాల వెంటే తడి బయటికొస్తుంది. కారకూడదని కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే, స్టాంపు కాగితంలా ఆ గీత వెంబడే చిరుగుతుంది. చివరికెలాగో ఒకటి కుదిరింది. ఆ రాత్రి పక్క తడవలేదు, నేను నిద్రపోయాను. మూడో రోజుకు పిల్ల తొడలూ పిరుదులూ ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. డాక్టరు చూసి, ఆ ప్లాస్టిక్ తీసి అవతల పారేయమన్నారు. తడి బయటికి రాకుండా ఆపాను, లోపలి ఆవిరి ఎటు పోతుందని ఆలోచించలేదు. ఆ తప్పు నాదే.

ఆ పిల్లే పెద్దదై డాలస్ దగ్గర కాపురం పెట్టింది. దాని కాన్పుకు నేను వెళ్ళాను, ట్రంకుపెట్టెలోంచి ఏరిన పొత్తిగుడ్డలు సూట్‌కేసులో పెట్టుకుని. అక్కడ డైపర్లు అట్టపెట్టెల్లో వచ్చాయి. ఈ చెడ్డీ కథ నేను చెబుతుంటే విని, మా అమ్మాయి లైబ్రరీనుంచి పుస్తకాలు తెచ్చింది. "అమ్మా, నువ్వు చేసిన పనే ఒకావిడ నీకంటే ముప్పై ఏళ్ళ పైచిలుకు ముందు చేసింది, చదువు" అంది. అలా పరిచయమైంది నాకు మారియన్ డోనవన్.

ఆమె 1917లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో పుట్టింది. తండ్రీ, ఆయన తోబుట్టువూ అక్కడ లేతు మిషన్లు తయారుచేసే కార్ఖానా నడిపేవాళ్ళు. ఏడేళ్ళ వయసులో తల్లి పోయింది. తల్లి లేని పిల్ల కార్ఖానాలో తండ్రి వెంట తిరుగుతూ పెరిగింది. ఇనుము ఎలా కోస్తారో, కొలత తప్పితే ఏమవుతుందో చూస్తూ పెరిగిన పిల్లన్నమాట. చదివింది ఇంగ్లీషు సాహిత్యం, కొంతకాలం ఫ్యాషన్ పత్రికలో పనిచేసింది. పెళ్ళయ్యాక కనెక్టికట్‌లో కాపురం. 1946 నాటికి రెండో బిడ్డ చేతిలో ఉంది. బట్టలు, తడి, పక్కలు మార్చడం, మళ్ళీ బట్టలు. అప్పటికే బజార్లో బిడ్డలకు తొడిగే రబ్బరు చెడ్డీలు ఉన్నాయి. తడి ఆపేవి, చర్మం కాల్చేవి. నా ప్లాస్టిక్ చెడ్డీలాగే.

ఒకరోజు ఆమె స్నానాల గదిలో నీళ్ళు చిందకుండా వేలాడదీసే ప్లాస్టిక్ తెర తీసుకొచ్చి కత్తిరించి మిషను మీద పెట్టింది. ఇది చదివినప్పుడు నా చేతివేళ్ళకే ఆ ప్లాస్టిక్ జిగురు తగిలినట్టయింది. ఆ ఒక్క తెరతో పని కాలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఆ ఇంట్లో చాలా తెరలు కత్తెరపాలయ్యాయట. చివరికి తెర ప్లాస్టిక్‌ను వదిలేసి, పారాచూట్ల నైలాన్ గుడ్డ పట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. సైన్యానికి నేసిన ఆ గుడ్డ మిగిలిపోయి బజార్లోకొచ్చింది. తేలిక, గట్టి, నీరు చొరనివ్వకుండా చెయ్యొచ్చు, పైగా ప్లాస్టిక్‌లా ఊపిరి బిగబట్టదు. చెడ్డీ లోపల గుడ్డను దూర్చి పెట్టుకునే సంచిలాంటి అర ఉంది. తడిసిన గుడ్డ తీసి పొడిది పెట్టుకోవచ్చు. చూడటానికి పడవలా ఉందని దానికి బోటర్ అని పేరు పెట్టింది.

ఇంతకీ నాకు అన్నిటికంటే నచ్చింది గుడ్డ కాదు, బందోబస్తు. ఆమె పిన్నీసులు తీసేసి టిచ్ బటన్లు పెట్టింది.

పిన్నీసు గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మన ఆడవాళ్ళ గాజులకూ మంగళసూత్రాలకూ గుత్తులుగా వేలాడే ఆ పిన్నీసును 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ అనే ఆయన ఇత్తడి తీగ వంచి చేశాడు. పదిహేను డాలర్ల అప్పు తీర్చడానికి చేసి, హక్కులన్నీ 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఈయనే అంతకు పదిహేనేళ్ళ ముందు కుట్టుమిషను కూడా తయారుచేశాడనీ, చేత్తో కుట్టుకుని బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని కూతురు అంటే, దానికి పేటెంటు తీసుకోకుండా వదిలేశాడనీ చెబుతారు. కుట్టుపని మనిషిగా ఆ తండ్రీకూతుళ్ళకు నేను దణ్ణం పెట్టుకుంటాను. ఆయన పిన్నీసే వందేళ్ళపాటు పసిబిడ్డల లంగోటీలకు ఆధారమైంది. కానీ నిద్రమత్తులో, చీకట్లో, కాళ్ళు తన్నుకునే బిడ్డకు పిన్నీసు పెట్టడమంటే తల్లికి గుండె దడే. ఒక వేలు లోపల అడ్డంపెట్టి, గుచ్చుకుంటే నా వేలికే గుచ్చుకోవాలని పెడతాం. నా ఎడమ చూపుడువేలికి అలాంటి గాట్లెన్నో. మా వైపు అందుకే నాడాలు కట్టేవాళ్ళు. నాడా గుచ్చుకోదు. కాకపోతే వదులైతే జారుతుంది, బిగిస్తే కోసుకుంటుంది.

టిచ్ బటను పెట్టి డోనవన్ ఆ భయం పోగొట్టింది. ఒకే వరస కాకుండా దగ్గర దగ్గరగా ఇంకొన్ని బటన్లు కుడితే బిడ్డ పెరిగేకొద్దీ నడుము వదులు చేసుకోవచ్చు. పుస్తకంలో బొమ్మ చూసి నేను న్యూస్ పేపరు మీద కొలత గీసి కత్తిరించి చూశాను. నా 1983 చెడ్డీ ఎక్కడ తప్పిందో నాకు అప్పుడు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. నేను నడుము చుట్టూ, తొడల చుట్టూ లాస్టిక్ బిగించి సంచి మూతి కట్టినట్టు కట్టేశాను. ఆమెది చుట్టి బటను నొక్కేది. గాలి ఆడే సందు ఉంది.

తయారీదార్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. మమ్మల్ని ఏ ఆడమనిషీ ఇలాంటిది అడగలేదన్నది వాళ్ళు చెప్పిన మాట అని ఆమె చాలా ఏళ్ళ తర్వాత టీవీలో చెప్పుకుంది. అడగడానికి తల్లులకు ఏ ఫ్యాక్టరీ గుమ్మం తెలుసు? ఆమె తానే చేయించి, 1949లో న్యూయార్క్‌లోని శాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టింది. పోటెత్తి కొన్నారు. 1951లో పేటెంటు వచ్చింది. అదే ఏడాది కేకో కార్పొరేషన్‌కు హక్కులు పది లక్షల డాలర్లకు ఇచ్చేసింది.

అక్కడితో ఆగలేదు. ఉతికే పనే లేకుండా చెయ్యాలని, తడిని పీల్చి చర్మానికి దూరంగా లాక్కునే కాగితం కోసం వెతికింది. వాడి పారేసే కాగితపు లంగోటీ పట్టుకుని పెద్ద పెద్ద కాగితం కంపెనీల చుట్టూ తిరిగింది. అక్కర్లేదన్నారు.

ఇక్కడ ఇంకో తల్లి మాట చెప్పకుండా ముందుకు పోలేను. అట్లాంటిక్ అవతలి ఒడ్డున, ఇంగ్లండ్‌లో క్యాంబర్లీ అనే సైనికుల ఊళ్ళో వాలెరీ హంటర్ గోర్డన్ అనే ఆవిడ ఉండేది. భర్త సైన్యంలో అధికారి. 1947లో మూడో బిడ్డ పుట్టాడు. ఉతకడం ఇక తన వల్ల కాదనుకుని, ఆమె కూడా పారాచూట్ నైలాన్‌తోనే పై చెడ్డీ కుట్టింది. లోపల పెట్టేది మాత్రం గుడ్డ కాదు, కాగితపు పీచూ దూదీ కలిపిన మెత్త, వాడి పారేసేది. చూసిన తోటి అధికారుల భార్యలు మాకూ కావాలన్నారు. ఇంట్లో మిషను మీదే 400కు పైగా కుట్టి ఇచ్చింది. 400! గంటలకొద్దీ జారిపోయే నైలాన్ తొక్కడం ఎంత పనో నాకు తెలుసు, అదీ ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని. 1949లో చెస్టర్‌ఫీల్డ్‌లోని రాబిన్సన్ కంపెనీ ఒప్పందం చేసుకుంది. ప్యాడీ అనే పేరుతో బ్రిటన్‌లో చాలాకాలం అమ్మారు. ఆమె 2016లో, తొంభై నాలుగేళ్ళ వయసులో పోయింది.

ఒకే యుద్ధం, ఒకే గుడ్డ, దాదాపు ఒకే ఏడాది, రెండు కుట్టుమిషన్లు. వీళ్ళిద్దరిలో ఎవరు ముందన్న తగువు నాకు అక్కర్లేదు. తడిసిన గుడ్డలు ఉతికిన చెయ్యీ, మిషను చక్రం తిప్పిన చెయ్యీ ఆ రెండిళ్ళలోనూ ఒకటే. మా ఇంట్లో అవి రెండు చేతులు. ఒకటి గుమ్మానికి అవతల, ఒకటి ఇవతల. మన దగ్గర తెలివి తక్కువై ఇలాంటివి పుట్టలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ చెరువుగట్టు మీద తెలివికి కొదవ లేదు.

మిగిలింది కంపెనీల కథ, తొందరగా చెప్పేస్తాను. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో విక్టర్ మిల్స్ అనే కెమికల్ ఇంజనీరుకు మనవడో మనవరాలో పుట్టి, ఆ గుడ్డలు మార్చే పని మీద పడేసరికి విసుగొచ్చి, 1950ల చివర్లో కాగితపు డైపరు పని మొదలుపెట్టించాడు. మొదట ప్లాస్టిక్ చెడ్డీలో పెట్టే కాగితపు మెత్త చేసి డాలస్‌లో పరీక్షకు పెట్టారు. ఎండాకాలం. ఆ వేడికి బిడ్డలకు చెమటపొక్కులు వచ్చి తల్లులు వద్దన్నారు. మా అమ్మాయి ఇంటి వరండాలో, అదే డాలస్ ఎండ చూస్తూ ఈ ముక్క చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అంత పెద్ద కంపెనీ, అంతమంది ఇంజనీర్లు, తెనాలిలో నేను చేసిన తప్పే చేశారు. తర్వాత దిద్దుకుని 1961లో ఇల్లినాయ్‌లోని పియోరియాలో ప్యాంపర్స్ పెట్టారు. ఒక్కోటి పది సెంట్లు. చాలామందికి అది ఖరీదే. ధర తగ్గించాకే పుంజుకుంది. ఆ పియోరియాలోనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల తర్వాతి కాలంలో మొక్కజొన్న పిండినుంచి, తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చే పదార్థం చేసింది. ఆ కోవకు చెందిన గుళికలే ఇవాళ్టి డైపర్లలో తడిని జిగురుగా మార్చి పట్టి ఉంచుతున్నాయి. ఒకటి చింపి నీళ్ళు పోసి చూశాను. నానిన సబ్జా గింజల్లా ఉబ్బాయి.

డోనవన్ తర్వాత ఏం చేసిందన్నది నాకు కంపెనీల కథకంటే ఇష్టం. 1958లో, నలభై దాటాక, యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ డిగ్రీ తీసుకుంది. తన ఇల్లు తానే గీసుకుంది. మొత్తం మీద ఇరవై దాకా పేటెంట్లు. ఒక హ్యాంగరుకు ముప్పై బట్టలు తగిలించే ఏర్పాటు ఒకటి. వీపు మీద జిప్పు ఎవరి సాయం లేకుండా పైకి లాక్కునే లాస్టిక్ తాడు ఇంకొకటి. ఆ తాడు నేను కుట్టిన ప్రతి గౌనుకూ కావలసిన వస్తువు. మొగుడో అత్తో వచ్చి జిప్పు పెట్టేదాకా గదిలో నిలబడి ఉండే ఆడవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆమె 1998లో పోయింది. 2015లో అమెరికా వాళ్ళ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో పేరు చేర్చారు.

డాలస్‌లో మనవడు పుట్టిన మూడో రాత్రి. డైపరు తడిస్తే రంగు మారే గీత ఉంటుందట, అది చూసి మార్చాలట. మా అమ్మాయి లైటు వేసి గీత చూడబోయింది. నేను వద్దని, చీకట్లోనే అరచెయ్యి వాడి నడుము కింద పెట్టి చూశాను. పొడిగానే ఉంది. అయినా వెళ్ళి సూట్‌కేసులోంచి నాయనమ్మ మంగళగిరి చీర ముక్క తెచ్చి, నాలుగు మడతలు వేసి, వాడి కింద పరిచాను. మా అమ్మాయి దాని అంచు పట్టుకు చూసి, "ఇది మడిచి కుట్టలేదేంటమ్మా?" అంది.